గార్డు

"గార్డెక్కడ?" కట్టె కోత మిషన్ చుట్టూ తిరిగి చూసి అడిగింది ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ రాజ్యశ్రీ.

"గాయనే, మేడం. మా నాయన కాడ పనిచేసినోడే." కార్ఖానా యజమాని షాలేమ్‌రాజు మూల స్టూలు మీదున్న ముసలాయన్ను చూపించాడు.

క్రీస్తుదాసు ఖాకీ చొక్కా సర్దుకుంటూ లేచి సెల్యూట్ కొట్టాడు.

రాజ్యశ్రీకి నవ్వు ఆగలేదు. "మనిషి కాదండీ! తిరిగే రంపానికి చెయ్యి తగలకుండా పైన పెట్టే మూత. దాన్నే గార్డంటారు."

షాలేమ్‌రాజు దుంగ మీద కూలబడ్డాడు. "పోయినసారి సారొచ్చి మిషన్‌కు గార్డును పెట్టమన్నడు. అడవి పక్కనుండేటోళ్లం, మాకు గార్డంటే ఫారెస్టు గార్డే యాదికొస్తడు. పాత మిషన్‌కు కొత్త మోటర్ పెట్టినప్పటి సంది మీ ఆఫీసు సుట్టు తిరుగుడే తిరుగుడు. ఇయ్యాల సేఫ్టీ సర్టిఫికెట్ ఇయ్యున్రి మేడం, మూత రేపు పెడత."

"పెట్టాకే ఇస్తాను. ఎంత పనండీ అది? ఓ రేకు ముక్క వంచి బోల్టులు బిగిస్తే సరి."

"గంతేనా, మేడం?" మూల నుంచి అడిగాడు క్రీస్తుదాసు.

దగ్గరికొచ్చి, ఆగి ఉన్న రంపం మీద చెయ్యి పరిచి కొలత చూశాడు. ఆ చేతికి రెండు వేళ్లు లేవు. రాజ్యశ్రీ ముఖంలో నవ్వు పోయింది.

ఆయన మెల్లగా షాలేమ్‌రాజు వైపు తిరిగాడు.

"గీ మిషన్ కాడ్నే గదా పోయినయి. నా అజాగ్రత్తనే అన్నడు మీ నాయన. ఇన్నేండ్లు నేను గూడ గట్లనే అనుకున్న."