సగం తాగిన టీ

ఆయన భార్య పై వాటా ఫొటోగ్రాఫర్‌ని ప్రేమించింది. అనుమానం కాదు. చెవులారా విన్నాడు.

ఆయన కాలేజీ మనస్తత్వశాస్త్ర శాఖలో రికార్డింగు మనిషి. అక్కడ ఒక్కొక్కరినే కెమెరా ముందు కూర్చోబెట్టి, తెలిసినవాళ్ళ గురించి మాట్లాడించేవారు. కొందరు నిజం చెప్పాలి, కొందరు అబద్ధం. ఎవరికి ఏం చెప్పి పంపారో మెషీను దగ్గరున్నవాడికి తెలియకూడదు. అది ప్రొఫెసరు పెట్టిన నియమం. తర్వాత ఆ టేపులు చూసినవాళ్ళు అబద్ధాన్ని కనిపెట్టగలరా అన్నదే పరిశోధన. అలవాటు పడ్డ కన్ను ఇట్టే పట్టేస్తుందని ప్రొఫెసరు తేల్చాడు. ఈయన నమ్మాడు. తన కన్నుకంటే అలవాటు పడ్డ కన్ను ఏది?

ఒకరోజు మనుషులు చాలక ఆయన భార్యనూ పిలిపించారు. అద్దానికి ఇవతల, మెషీను దగ్గర, ఈయన.

“మా పై వాటా ఫొటోగ్రాఫరు,” అని మొదలుపెట్టింది. “పనిలో పడితే సన్నగా కూనిరాగం తీస్తాడు. తీస్తున్నట్టు తనకే తెలీదు. టీ సగం తాగి మరిచిపోతాడు. మిగిలింది నేను తాగుతా. నాకదే ఇష్టం.”

గొంతు వణకలేదు. కళ్ళు మెరిశాయి.

వాడి ఎంగిలి టీ. ఇంటికి వస్తూ ఆమె, “అంతా విన్నారుగా?” అని నవ్వింది. ఎంత బరితెగింపు అనుకున్నాడు. ఆనాటి నుంచి ఆమె పోయేదాకా ముక్తసరి మాటలే. చివరిచూపుకి వచ్చిన ఫొటోగ్రాఫర్‌ని గడప తొక్కనివ్వలేదు.

ఇప్పుడో పరిశోధకురాలు వచ్చింది. ఆ పాత పరిశోధనలో పస ఎంతో తేలుస్తుందట. పాత మెషీను నడపడం ఎవరికీ రాక, రిటైరైన ఈయన్ని పిలిపించింది. పనిలో పనిగా టేపులు చూపించి ఈయనకే పరీక్ష పెట్టింది. సగం ఒప్పులు, సగం తప్పులు.

“బొమ్మా బొరుసూ వేసినా ఇంతే వస్తుంది బాబాయ్,” అంది అమ్మాయి. “ఎవరికైనా ఇంతే. మీరు ఆ పాట ఆపితే ఇంకోటి చూద్దాం.”

“పాటేమిటి? నా బతుకులో పాడి ఎరగను.”

చల్లారిన సగం టీని పక్కకు నెట్టి, తనే ఏరి ఒక టేపు పెట్టాడు.

తెర మీద భార్య. అదే మెరుపు. ఆమె ఎవరో అమ్మాయికి చెప్పలేదు. చివరిదాకా పళ్ళు బిగించి చూశాడు.

“నిజం. దీని మీద ఎంత పందేనికైనా సిద్ధం.”

“తప్పు బాబాయ్. అబద్ధం.”

ఆయన లేచాడు.

“నీ చదువు నీ దగ్గరే ఉంచుకో. ఈ టేపు ఊసు జన్మలో ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు,” అని తలుపు దాకా వెళ్ళేసరికి, అమ్మాయి టేపు వెనక్కి తిప్పుతూ మామూలుగా అంది: “అబద్ధం చెప్పాల్సిన ఆడవాళ్ళందరినీ సొంత భర్త గురించే ఉన్నదున్నట్టు చెప్పమన్నారు బాబాయ్, మనిషిని మాత్రం మార్చి.”