గడప దాటే ముందు

"గుర్రాలు కట్టారా?" అంది మావ్రా తెరెంత్యెవ్నా, నల్ల శాలువా తలమీదికి లాక్కుంటూ.

"అమ్మా, నా మాట విను," కపితోన్ లుకిచ్ బతిమాలాడు. "ఈ చలిలో ఆ మఠంలో ఎలా ఉంటావే?"

"దేవుడు ఉంచినట్టు ఉంటాను. ఇంట్లో ఒపేరా పెట్టుకున్నవాడివి, నీకెందుకు నా గొడవ? పాటగాళ్ళుంటే నేనుండనని చుట్టాలందరి ముందూ అన్నాను. అన్నమాట తప్పే రకాన్నా నేను?"

కాదు. ఆ సంగతి మాస్కో వర్తకులందరికీ తెలుసు.

రెండు బట్టల మిల్లులు కపితోన్ కనుసన్నల్లో నడుస్తాయి. అమ్మ ముందు మాత్రం పిల్లి. ఆమె లేని ఇల్లు అతను ఊహించలేడు. అలాగని కన్నబిడ్డలా సాకుతున్న ఒపేరాను మూసెయ్యడానికి చేతులు రావడం లేదు. కనీసం వెళ్ళేటప్పుడైనా ఆమె మనసు నొప్పించకూడదని, బండి గేటు దాటేదాకా నోరు విప్పొద్దని మేడమీద పాటగాళ్ళకు గట్టిగా చెప్పి వచ్చాడు.

"సరే, కూర్చోండి," అంది ముసలమ్మ.

దూరప్రయాణానికి ముందు ఇంటిల్లిపాదీ కాసేపు మాటాపలుకూ లేకుండా కూర్చోవాలి. పెద్దవాళ్ళు లేచాకే మిగతావాళ్ళు లేవాలి. ఆ మౌనం చెదిరిందా, ప్రయాణం చెడినట్టే. కపితోన్, అతని భార్య గ్లాఫిరా, పనివాళ్ళు అందరూ కూర్చున్నారు. వంటమనిషి ముక్కు చీదబోయి ఆపుకుంది.

అంతలో మేడమీద గొంతులన్నీ ఒక్కసారిగా పాట ఎత్తుకున్నాయి. కిటికీ అద్దాలు గణగణలాడాయి.

కొంప మునిగింది! పరుగెత్తి వాళ్ళ నోళ్ళు మూయిద్దామంటే, అమ్మ లేవందే లేవకూడదు. ఆమేమో కళ్ళు మూసుకుని ఉలకదు, పలకదు. పాట పూర్తయ్యేదాకా అలాగే కూర్చుంది.

"చూశావుగా, శకునం పాడుచేశారు నీవాళ్ళు," అంది చివరికి, శాలువా విప్పేస్తూ. "ఇప్పుడు బయల్దేరితే దారిలో బండి బోల్తా పడుతుంది. గుర్రాల్ని విప్పెయ్యమను."

"మరి మళ్ళీ ఎప్పుడమ్మా?"

"వేసవికి చూద్దాంలే. ఏం, నన్ను సాగనంపాలని అంత తొందరగా ఉందా? సమోవార్ పెట్టించు, టీ తాగుదాం."

కపితోన్‌కు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంత సంతోషంలోనూ ఒక్కటి మింగుడుపడలేదు. యజమాని మాటంటే ఆమాత్రం లెక్కలేదా? చరచరా మేడెక్కి, పాటగాళ్ళ పెద్ద నికందర్‌ను నిలదీశాడు.

"నోరు విప్పొద్దని చెప్పానా, లేదా?"

"చెప్పారండీ," నికందర్ నీళ్ళు నమిలాడు. "కానీ ఆ తర్వాత అమ్మగారు వచ్చారండీ. 'నేనిలా కూర్చోగానే మీరలా ఎత్తుకోండి, నోరు కట్టుకుని ఊరుకున్నారో నేను నిజంగానే వెళ్ళిపోవాల్సొస్తుంది' అన్నారు."