కదలని కాళ్ళు

ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువులకి ఎబినేజర్, నేను కాపలా. ఇద్దరిదీ ఒకే చర్చి. పోయిన నెల నీళ్ళు చిలికే ఏరియేటర్ దగ్గర కరెంటు కొట్టి మా యజమాని శ్యామ్ సుందర్ గారు నీళ్ళలో పడిపోతే, ఎబినేజర్ పరుగెత్తి మెయిన్ ఆపి ఆయన్ని బయటికి లాగాడు. నేను పాతిన గుంజలా నిలబడిపోయాను. కాళ్ళు కదల్లేదు, నిజంగా.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చిలో యజమాని లేచి సాక్ష్యం చెబుతారు. "దేవుడు నాకోసం ఎబినేజర్ని పంపేడండీ." అందరూ ఆమేన్ అంటారు. నేనూ అంటాను. అతనికి సంఘపెద్దల పక్కన కుర్చీ వేశారు. నేనింకా చాప మీదే.

ఈ రాత్రి ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. చెరువంతా చప్పుడు లేదు. అవతలి గట్టు ఎబినేజర్ వంతు. అటువైపు నీళ్ళలోంచి అతని గొంతు వినిపించింది.

"అన్నా, రా అన్నా. కరెంటు కొట్టింది."

లేవబోయి ఆగాను. బొటనవేలు కదిపి చూశాను. కదిలింది. అయినా పాకలో మంచం మీదే కూర్చున్నాను. వచ్చే ఆదివారం ఆ సాక్ష్యం ఉండదనుకున్నాను.

ఫోన్ మోగింది.

"అన్నా, ఎబినేజర్ని. జ్వరంగా ఉండి రాలేదు. కాట్రేనికోనలో ఇంట్లోనే ఉన్నాను. ఈ పూటకి నువ్వొక్కడివే చూసుకో, ఏమనుకోకు."

"సరేలే," అన్నాను.

ఫోన్ పెట్టేశాక మళ్ళీ అదే గొంతు. ఈసారి పాక వెనక నుంచి.

"ఇందాక పిలిస్తే రాలేదేం అన్నా?"

పారిపోదామని లేవబోయాను. కాళ్ళు కదల్లేదు.