పరిగె చేను

ముసలిది వంగి ఒక్క కంకి ఎత్తిందో లేదో, నగారా పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎవరే నువ్వు? ఎవరి చేలో ఏరుతున్నావ్?"

నగారా అసలు పేరు ఊరంతా మరిచిపోయింది. ఆమె గొంతు విప్పితే పొరుగూరి కోళ్ళు లేస్తాయని ఆ పేరు.

"కంకి కనిపిస్తే చెయ్యి ఆగలేదమ్మా. పాత అలవాటు," అంది ముసలిది.

"అలవాటట! మేమే కాలు పెట్టకుండా గట్టు మీద కూర్చున్నాం. ఎక్కడినుంచో ఊడిపడి నువ్వు ఏరుకుపోతావా?"

గట్టు మీది ఆడవాళ్ళంతా లేచారు. అందరికీ కడుపు మండుతూనే ఉంది.

ఆకు రాలే రోజులు. కోత అయిపోయింది. కోశాక రాలిన కంకులు కూలి ఆడవాళ్ళవి. ఆ పరిగె గింజలే వాళ్ళకు చలికాలపు తిండి. ఈ ఏడు ఆసామి అడ్డం తిరిగాడు. చేను గొర్రెల మేతకు ఇచ్చేశాడు.

"పరిగె మీదేనని మా నాన్న మాటిచ్చాడా? ఎవరు విన్నారు? విన్నవాళ్ళు ఒక్కరు బతికుంటే తీసుకురండి. రేపు పొద్దు వాలేలోగా. లేదంటే గొర్రెలు దిగుతాయి," అన్నాడు నిన్న, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ.

పళ్ళు కుట్టుకునే తీరిక ఎందుకుండదు? విన్నవాళ్ళంతా మట్టిలో ఉన్నారని వాడి ధీమా.

సాక్షిని వెతుక్కొస్తామని మగవాళ్ళు పొద్దున్నే ఊళ్ళ మీద పడ్డారు. వెతికేది ఎంతమందో, నీడ చూసుకుని నడుం వాల్చింది ఎంతమందో.

"ఈ పరిగె ఊరికే రాలేదే," అంది నగారా, చెయ్యి వదలకుండా. "మేం ఈ ఊరికి కోడళ్ళుగా రాకముందు సంగతి. ధాన్యం బండికి అడ్డంగా పడుకున్నాడు ఒక మొనగాడు. ఆరడుగుల మనిషి. ఆ మీసం చూసి ఎద్దులే వెనక్కి నడిచాయి. పెద్ద ఆసామి బండి దిగి, పరిగె మీదేనని మాటిచ్చాడు!"

"నిరుడు చెప్పినప్పుడు ఐదడుగులే కదక్కా," అంది తోటికోడలు.

"నోర్ముయ్. మరుసటేడు ఆయన్ని ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. ఎక్కడున్నాడో ఏమో. ఆయన దొరికితే చాలు, ఈ ఏడు గట్టెక్కుతాం."

ఏటా కోతలప్పుడు చెప్పుకునే కథే అది. చెప్పేవాళ్ళు మారేకొద్దీ మీసం పెరిగింది.

ముసలిది నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

"మీసమా!" అంది.

"మా మొనగాణ్ణి వెక్కిరిస్తావా?"

"నవ్వక ఏం చెయ్యను తల్లీ? ఎద్దులు వెనక్కి నడవలేదు. బండివాడు పగ్గాలు బిగబట్టాడు. ఆసామి చెర్నాకోల వీపు మీద పడుతున్నా, ఏడుస్తూ బిగబట్టాడు."

"చూసొచ్చినట్టే చెబుతోందే!"

"అది చెబుదామనే వచ్చాను. ముందు మీ ఆసామి ఇంటికి..."

"ఆసామి ఇంటికా?" నగారా గొంతు చేనంతా మోగింది. "ఇప్పుడర్థమైంది! మొనగాడూ లేడు, మాటా లేదు అని చెప్పించడానికి ఆసామి తెచ్చుకున్న దొంగసాక్షి ఇది!"

"ఏం చెబుతుందో పూర్తిగా విందాం అక్కా," అంది తోటికోడలు.

"ఆసామి కూడు తిన్న నోరు. దాంట్లోంచి ఏమొస్తుందే?"

పేదవాడి కోపం పెదవికి చేటంటారు. అబద్ధం. అది పక్కనున్న పేదవాడి వీపుకు చేటు. నిన్న ఆసామి ఎదుట నేల చూపులు చూసిన కళ్ళే ఇప్పుడు నిప్పులు కురిశాయి. ఒకతె మట్టిగడ్డ విసిరింది. అది ముసలిదాని భుజానికి తగిలి పొడి అయింది.

ముసలిది భుజం దులుపుకోలేదు. కంకిని తీసినచోటే పెట్టింది. ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

"ఈ గొంతు ఆసామి ముందు ఎత్తాల్సిందమ్మా," అంది నగారాతో.

వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"ఎలా తరిమానో చూశారా!" నగారా నడుం మీద చేతులు పెట్టుకుంది. అందరూ పకపకా నవ్వారు.

ఆ ఏడు వాళ్ళు గెలిచిన యుద్ధం అదొక్కటే.

మగవాళ్ళు ఉత్త చేతులతో వచ్చారు. పొద్దు వాలింది.

మర్నాడు గొర్రెలు దిగాయి. కోసిన పైరు కొయ్యకాళ్ళ మధ్య కంకులు కరకరా నములుతుంటే ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు.

గొర్రెల కాపరి పొరుగూరివాడు. వాళ్ళ ముఖాలు చూడలేక తల గోక్కున్నాడు.

"నన్ను తిట్టుకోకండమ్మా. మా వీధి అవ్వ ఆగమంటే నిన్న రాత్రిదాకా మందను కదపలేదు."

"ఏ అవ్వ?" అంది తోటికోడలు.

"ఈ చేను మేతకు తీసుకున్నానని చెబితే నా మీద ఇంతెత్తున లేచింది. అది పరిగె చేనురా, తోలకు, నేను వెళ్ళి ఆ ఆసామి నోరు మూయించి వస్తానని ఎండలో నడిచొచ్చింది. రాలేదా ఇక్కడికి?"

నగారా గట్టు దిగి కాపరి దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళకే వినపడనంత మెల్లగా అడిగింది.

"తిరిగొచ్చి ఏమంది?"

కాపరి గొర్రెల వైపు తిరిగాడు.

"ఆనాడు నేను బండికి అడ్డంగా పడుకుంటే నా పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కరూ అక్కడ మిగల్లేదు, తోలుకుపోరా, అంది."