అరవకు

సముద్రం మీద ఇంజన్లు నిషేధించాక మందుల పెట్టెలు కూడా తెరచాప పడవల్లోనే అండమాన్ వెళ్తున్నాయి. సూరాడ పోలమ్మ వాటితో ఒంటరిగా బయలుదేరిన తొమ్మిదో రోజు పొద్దున, గంజి కాచుకుంటుండగా ఆరు తిమింగలాలు ఆమె పడవను చుట్టుముట్టాయి.

తిమింగలాల మాటను తెలుగులో చెప్పే యంత్రం ఇప్పుడు ప్రతి పడవలోనూ ఉంటుంది. అది ఒకే మాట పదే పదే చెబుతోంది: "అరవకు."

పోలమ్మ భీమిలిలో ఉన్న భర్త ఎల్లాజీతో అదే యంత్రంలో మాట్లాడింది.

"నానేటీ అరవనేదయ్యా! అయినా అరవకంతన్నాయి."

"నువ్వు కాదే. ఆ మిసనే నీల్లలోకి కూత పెడతాది. దాన్ని ఆపెయ్."

"ఆపితే దారీ తెలీదు, నీ మాటా వినపడదు."

అంతలో పెద్ద తిమింగలం ఒకటి పడవ అడుగును రాసుకుంటూ పోయింది. గంజి గిన్నె బోర్లాపడింది. యంత్రం కూసినప్పుడల్లా ఓ పిల్ల తిమింగలం బెదిరి తల్లి కిందికి దూరుతోంది.

"ఉంటానయ్యా" అని పోలమ్మ స్విచ్ నొక్కేసింది.

భర్త గొంతు ఆగిపోయింది. అవి కొడతాయో వదిలేస్తాయో ఇక చెప్పేవారు లేరు. ఆమె చుక్కానిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి పిల్ల తిమింగలం పడవ పక్కనే తేలి ఊపిరి వదిలింది. ఆ వెచ్చని నీచు తుంపర ఆమె మొహమంతా తడిపింది.

తిమింగలాలు కనుమరుగయ్యాయి. అక్కడ ఎల్లాజీ ఎంత కంగారు పడుతున్నాడో ఆమెకు తెలుసు. అయినా పిల్ల ఇంకా దగ్గర్లోనే ఉందేమోనని వంద లెక్కపెట్టి, మళ్లీ వంద లెక్కపెట్టాకే స్విచ్ వేసింది.