పనోళ్ళ మిషన్

పక్క పోర్షన్ తలుపు తట్టడానికి దేవికకు చెయ్యి రావడం లేదు.

తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల టీవీలో ఇళ్ళ మరమ్మతుల కార్యక్రమం మోగుతోంది. మనిషి మాట మాత్రం లేదు. నాలుగు రోజుల క్రితం వరకూ ఈ వేళకు యోసేపు గొంతు గోడ దాటి వచ్చేది. ఆ గొంతును ఆపింది తనే.

దేవిక వాళ్ళు ఈ ఇంట్లోకి కొత్తగా అద్దెకు దిగారు. రెండు పోర్షన్లకూ మధ్య ఒకటే గోడ, అదీ పలచనిది. ఇటు గిన్నె పడితే అటు వినిపిస్తుంది. అటు ఉండేది యోసేపు, భాగ్య. భాగ్య పొద్దున బడిలో వంటకు పోతుంది, వచ్చాక కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది. మా ఆయన ఒకప్పుడు పెద్ద వడ్రంగి మేస్త్రి అని ఒకసారి చెప్పి తలదించుకుంది. ఇప్పుడెందుకు పని చేయడం లేదని దేవిక అడగలేదు. తెలుస్తూనే ఉంది కదా అనుకుంది.

ఎప్పుడు చూసినా అతను మంచం మీద, టీవీకి పక్కగా తిరిగి కూర్చుని ఉంటాడు. ఓసారి గడప మీద కనిపిస్తే దేవిక చేతులు జోడించింది. తిరిగి నమస్కారం లేదు. భాగ్య గ్యాసుబండ ఈడ్చుకుంటూ పోతుంటే లేవనైనా లేవలేదు. ఆ రోజే దేవిక అతన్ని తూచేసింది.

ఆ కార్యక్రమాన్ని సాయంత్రం దేవిక కూడా తన ఇంట్లో పెట్టుకుంటుంది. అందులో ఓ యాంకరమ్మ రోజూ ఏదో ఒక చిన్న మిషన్ చూపిస్తుంది. ఓ రోజు గోడకు రంధ్రం వేసేది. ఇది కొనుక్కుంటే చాలు, మేస్త్రీలతో పనే లేదంటుంది. వెంటనే గోడ అవతల యోసేపు అందుకునేవాడు.

"అబద్దం. గది ఇండ్లల్ల వాడేది కాదు, పనోళ్ళ మిషన్. గోడ తగిలినా దాని జోరు జరంత గూడ తగ్గలే."

దేవిక కళ్ళు చికిలించి చూసింది. నిజమే. కెమెరా జరిగినప్పుడు బల్ల కింద బారెడు పొడుగు మిషన్ కనిపించింది, ఒళ్ళంతా దుమ్ముతో. యాంకరమ్మ చేతిలోది మాత్రం పెళ్ళికూతురిలా మెరుస్తోంది. మరునాడు కోత మిషన్. ఆ తర్వాత చెక్కను నునుపు చేసే రంద మిషన్. అన్నిటినీ యోసేపు పట్టేశాడు.

శనివారం దేవిక అక్క మొగుడు చంద్రకాంత్ వచ్చాడు. అతనికి బస్టాండు దగ్గర మిషన్లు బాగుచేసి, కిరాయికిచ్చే దుకాణం ఉంది. టీ తాగుతూ గోడ అవతలి మాటలు విన్నాడు.

"గా మనిషెవరు దేవికా? నా దుకాణంల గసొంటోడే గావాలె. పనోళ్ళ మిషన్ అని డూప్లికేట్లు తెచ్చి అంటగడ్తున్నరు. నాకు ఎరుకైతలేదు."

దేవిక నవ్వింది.

"పొద్దున గూడ గిదే ప్రోగ్రాం వస్తది బావా. గది చూసి సాయంత్రం మనకు అప్పజెప్తుండు. పెండ్లాం రెక్కల మీద బతికేటోనికి కొలువెందుకు?"

గొంతు తగ్గించి అనలేదు. కావాలనే తగ్గించలేదు.

అవతల మాట ఆగింది. కుట్టుమిషన్ కూడా ఆగింది. తూప్రాన్‌లో ఎవరినో చూసుకుంటానని చంద్రకాంత్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత యోసేపు గొంతు మళ్ళీ వినిపించలేదు.

ఇవాళ పొద్దున దేవిక చిక్కుళ్ళు ఒలుస్తూ టీవీ పెట్టింది. వచ్చింది నిన్న సాయంత్రం చూసిన భాగమే. ఆమె చేతులు ఆగిపోయాయి. కొత్తది సాయంత్రం వస్తుంది. పొద్దున వేసేది పాతది. యోసేపు ముందుగా చూసే వీలే లేదు.

ఉప్పు పొట్లం మీద తేదీ కూడా చదివే మనిషి తను. ఒకరి తిండికి అడ్డుపడే ముందు ఈ మాత్రం సరిచూసుకోలేదు.

చంద్రకాంత్‌కు ఫోన్ చేసింది. తను అన్నది తప్పని చెప్పింది. తూప్రాన్ మనిషి రేపు చేరతాడట, కానీ మాట ఇంకా ఖాయం కాలేదట. యోసేపు ఇవాళ రాత్రి ఎనిమిదిలోపు వస్తే నాలుగు మిషన్లు ముందు పెట్టి చూస్తానన్నాడు.

అప్పటి నుంచి మూడుసార్లు ఈ గడప దాకా వచ్చి వెనక్కి పోయింది. ఇప్పుడు తలుపు తోసింది.

అలికిడికి యోసేపు టీవీ శబ్దం తగ్గించాడు. తల తిప్పలేదు.

పక్కింటి దేవికనని చెప్పి, మిగతాది ఒక్క గుక్కలో అనేసింది. తప్పు తనదేనని, బావ రమ్మన్నాడని. దుకాణం పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం చాపింది.

అతను అందుకోలేదు.

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అందుకోకపోవడమే న్యాయమనిపించింది.

"కోపముంటే నన్ను తిట్టుండ్రి అన్నా. గని మా బావ తానికి పోండ్రి. రేపైతే కొలువు ఇంకొకలకు పోతది."

"కోపమేం లేదమ్మా. మీరన్నదాంట్ల ఒకటైతే నిజమే. పెండ్లాం రెక్కల మీదనే బతుకుతున్న." అతనే మళ్ళీ అడిగాడు. "మీ బావకు నా సంగతి జెప్పిండ్రా?"

"చెప్పిన. మస్తు పనోడని చెప్పిన."

యోసేపు తల వంచుకున్నాడు.

కుట్టుమిషన్ దగ్గర్నుంచి భాగ్య లేచి వచ్చింది. దేవిక చేతిలోంచి కాగితాన్ని మెల్లగా తీసుకుంది.

"నేను తోల్కపోత. కోత మిషన్ చక్రం పగిలి రెండు కండ్లు పోయిన కాన్నుంచి, ఆయనకు టీవీ ఇనుడే గని చూసుడు లేదక్కా."