పైకి పడే ఊపిరి

మోరిస్‌విల్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న శ్వాస థెరపిస్టు చంద్రిక ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కడ నిండుతోందో చూపే స్క్రీన్ ముందు ఆగిపోయింది. వెల్లకిలా పడుకున్న మనిషికి ఊపిరితిత్తుల్లో రొమ్ము వైపు భాగం ముందే సాగి ఉంటుంది. బరువు కింద నలిగిన వీపువైపు భాగమే ప్రతి ఊపిరికీ ఎక్కువ విచ్చుకుంటుంది. మంచం మీద వెల్లకిలా ఉన్న విశ్వనాథం గారికి మాత్రం రొమ్ము వైపే ఎక్కువ నిండుతోంది, బోర్లా పడుకున్నట్టు.

ఛాతీకి కట్టిన సెన్సర్ బెల్ట్ తిరగబడిందేమోనని విప్పి, మళ్ళీ కట్టింది. అదే బొమ్మ.

ఆయన సీలింగ్‌నే చూస్తున్నారు. "అమ్మాయ్, కిందికి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. చాలా లోతుంది."

"అంకుల్, అది పైకప్పు."

"దుప్పటి జారిపోతోందమ్మా."

దుప్పటి నిజంగానే లేచింది, చప్పుడు లేకుండా, సీలింగ్ వైపు.

చంద్రికకు ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. మంచం కమ్మీలో కాలు మెలేసి, ఆయన నడుము చుట్టూ రెండు చేతులూ బిగించింది.

"నా డ్యూటీలో ఎవరూ ఎక్కడికీ పడరు," అంది సీలింగ్‌తో. "దమ్ముంటే ఇద్దర్నీ కలిపి లాగు, చూద్దాం."

ఆమె మెడలోని ఐడీ కార్డు మెల్లగా లేచి ముఖం ముందు నిలబడింది.

చంద్రిక దాన్ని పళ్ళతో కరిచి పట్టుకుంది.